మిర్చి కోల్డ్ స్టోరేజీకి సొంత ఫోన్ ఎక్స్ఛేంజీ: ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ప్రాజెక్టు డైరీ

మాది గుంటూరు శివారులో మిర్చి కోల్డ్ స్టోరేజీ. రైతులు దీన్ని ‘ఏసీ’ అనే అంటారు. పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచి టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి ఇక్కడ పెట్టుకుని, ధర చూసుకుని మిర్చి మార్కెట్ యార్డుకు తోలుకుంటారు. పెట్టిన రోజుకూ తీసిన రోజుకూ మధ్య నెలల తరబడి వాళ్లకు సరుకుతో ఉన్న సంబంధం ఒక్క ఫోనే. లాట్‌లో (ఒక రైతు ఒకసారి పెట్టిన సరుకులో) ఎన్ని మిగిలాయి, శాంపిల్ ఎప్పుడు తీయిస్తారు, లోడింగ్‌కు లారీ ఎన్నింటికి పంపాలి. ఈ మూడు ప్రశ్నలకే రోజంతా ఫోన్ మోగుతుంది.

నేను ఇక్కడ లెక్కలు, కంప్యూటర్లు చూస్తాను. ఒక ల్యాండ్‌లైన్, రెండు మొబైళ్లతో నడుస్తున్న ఆఫీసుకు ఆస్టరిస్క్, దాని మీద నడిచే ఫ్రీపీబీఎక్స్‌తో సొంత ఎక్స్ఛేంజీ పెట్టాను. రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు. మా లాంటి ఆఫీసు ఎవరైనా చేసుకోవాలనుకుంటే నేను పోగొట్టుకున్న వారాలు వాళ్లకు మిగలాలని ఇదంతా రాస్తున్నాను. ఎక్కడ తేలిగ్గా జరిగిందో అక్కడ ఒక వాక్యంతో వదిలేశాను.

దశ 0: ముందు కొలత (ఫిబ్రవరి మొదటి వారం)

ఏదీ కొనకముందు 6 రోజులు లెక్క తీశాను. కాలర్ ఐడీ ఉన్న పాత ఫోన్‌ను ల్యాండ్‌లైన్‌కు తగిలించి, సాయంత్రం దాని జాబితానూ రెండు మొబైళ్ల జాబితాలనూ ఎక్సెల్‌లో కలిపాను. చూసింది ఒకే ఒక్క అంకె: ఆ రోజు మాకు ఫోన్ చేసిన వాళ్లలో, సాయంత్రం ఆఫీసు మూసేలోపు మాలో ఎవరితోనూ మాట్లాడలేకపోయిన వాళ్లు ఎందరు? దీన్ని ‘పోయిన కాల్’ అని పిలుచుకున్నాను. ఒకే మనిషి ఐదుసార్లు చేసినా ఒకటే లెక్క. నాలుగుసార్లు బిజీ వచ్చి ఐదోసారి దొరికితే అది పోయిన కాల్ కాదు.

6 రోజుల్లో ఫోన్ చేసినవాళ్లు 412 మంది. పోయినవి 131. అంటే నూటికి 32 మంది.

ఈ అంకె ముందే తీసిపెట్టుకోకపోతే తర్వాత జరిగిన వాటిలో ఏది మేలు చేసిందో, ఏది చెడ్డ చేసిందో నాకు తెలిసేది కాదు.

దశ 1: పెట్టె, కరెంటు

మూలన పడి ఉన్న 4 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, డెబియన్ 12 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఫ్రీపీబీఎక్స్ 17 ఎక్కించాను. ఒక పూట పని. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: నెట్‌లో దొరికే పాత పాఠాల్లో చాలావరకు చాన్‌సిప్ అనే డ్రైవర్ మీద రాసినవి. ఆస్టరిస్క్ 21 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. దాని బదులు వాడే పీజేసిప్ డ్రైవర్ పాఠాలే వెతుక్కోండి. ఇది తెలియక ఒక రోజు పోయింది.

ఇంకో రెండు రోజులు పోయింది కరెంటు దగ్గర. అమ్మోనియా కంప్రెసర్ మోటారు లేచిన ప్రతిసారీ వోల్టేజీ పడిపోయి పెట్టె రీస్టార్ట్ అయ్యేది. మొదట హార్డ్ డిస్క్ మీద అనుమానపడ్డాను. లాగ్‌లో రీస్టార్ట్ అయిన సమయాలను మెషీన్ రూమ్ రిజిస్టరులో మోటారు ఆన్ చేసిన సమయాలతో పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంతో సహా కలిశాయి. పెట్టెకు, రౌటర్‌కు, ఫైబర్ మోడెమ్‌కు, నెట్‌వర్క్ స్విచ్‌కు కలిపి ఒకే యూపీఎస్ పెట్టాను. పెట్టెకొక్కదానికే పెడితే పెట్టె బతికి ఉంటుంది, లైను పోతుంది.

ఖర్చు: ఎస్‌ఎస్‌డీ రూ. 1,700, యూపీఎస్ రూ. 3,400, స్విచ్, కేబుళ్లు రూ. 1,900.
ఇప్పటివరకు మొత్తం: రూ. 7,000.

దశ 2: ల్యాండ్‌లైన్ వదలడం లేదు

మా ల్యాండ్‌లైన్ నంబరు రైతుల దగ్గరున్న బాండ్ల (సరుకు పెట్టినందుకు మేమిచ్చే రసీదుల) మీద ఏళ్లుగా అచ్చయి ఉంది. దాన్ని మార్చే ప్రసక్తే లేదు. ఫైబర్ మోడెమ్ వెనక ఫోన్ తీగ తగిలించే సాకెట్ నుంచి వచ్చే ఆ లైనును ఎక్స్ఛేంజీలోకి తేవడానికి ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే అనే చిన్న డబ్బా కావాలి. అది కొన్నాను, టేబుల్ మీదకు నెట్‌వర్క్ కేబుల్‌తో నడిచే రెండు ఐపీ ఫోన్లు కొన్నాను.

మొదటి రోజు మధ్యాహ్నం 12 దాటాక ఒక కాల్ వచ్చింది, ఆ తర్వాత ల్యాండ్‌లైన్‌కు ఒక్క కాల్ కూడా రాలేదు. భోజనాల వేళ కదా అనుకున్నాం. 3 గంటలకు యార్డు నుంచి ఒక గుమాస్తా నడిచి వచ్చి, "మీ ఫోన్ మధ్యాహ్నం నుంచీ ఎంగేజే వస్తోందండీ" అన్నాడు. ఆస్టరిస్క్ తెరలో నడుస్తున్న కాల్స్ చూస్తే ఒక కాల్ 2 గంటల 51 నిమిషాలుగా ‘మాట్లాడుతూ’ ఉంది. అవతలి మనిషి ఎప్పుడో పెట్టేశాడు. ఆ సంగతి మా గేట్‌వేకు తెలియలేదు.

కారణం ఇది. అవతలివాళ్లు పెట్టేశాక మా లైనులో వచ్చే సంకేతం బిజీ టోన్ ఒక్కటే. గేట్‌వే దాన్ని విని గుర్తుపట్టి లైను వదలాలి. డబ్బాలో ముందే ఉన్న అమరిక అమెరికా బిజీ టోన్‌ది: 480, 620 హెర్ట్జ్ కలిపి, అర సెకను మోత, అర సెకను నిశ్శబ్దం. మన దేశంలో అది 400 హెర్ట్జ్, 0.75 సెకన్ల మోత, 0.75 సెకన్ల నిశ్శబ్దం. తెలియని భాషలో ఎంత పిలిచినా పలకనట్టు, మన టోన్‌కు ఆ డబ్బా పలకలేదు.

చేసిన పని వరసగా:

1. మొబైల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేసి, ఇటు ఎత్తి, మొబైల్ పెట్టేశాను. ల్యాండ్‌లైన్‌లో ఆ తర్వాత వినిపించింది 30 సెకన్లు రికార్డు చేశాను.
2. శబ్దాలను చూపించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి మోత ఎంతసేపు, ఖాళీ ఎంతసేపు కొలిచాను. స్పెక్ట్రమ్‌లో శిఖరం 400 దగ్గర ఉంది.
3. గేట్‌వేలో బిజీ టోన్‌ను 400 హెర్ట్జ్, 750, 750 మిల్లీసెకన్లకు మార్చాను.
4. ఎన్నిసార్లు వింటే లైను వదలాలి అన్న దగ్గర 2 పెట్టాను. మాట మధ్యలో రెండు కాల్స్ తెగాయి. 3కు మార్చాను. అంటే అవతలివాళ్లు పెట్టేసిన నాలుగున్నర సెకన్లకు లైను ఖాళీ అవుతుంది.
5. అయినా పదింటిలో ఒకటి ఇరుక్కునేది. లోపలికి వచ్చే శబ్దం సన్నగా ఉండటంతో టోన్ అందడం లేదు. గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచే అమరిక) 4 డెసిబెల్స్ పెంచితే టోన్ అందింది, కానీ మాటలో ఎకో మొదలైంది. 2 డెసిబెల్స్ దగ్గర రెండూ సర్దుకున్నాయి.
6. ఎందుకైనా మంచిదని ఏ కాలూ 40 నిమిషాలు దాటకుండా హద్దు పెట్టాను. మా దగ్గర అంత పొడవు మాట ఉండదు.

5 రోజుల తర్వాత కూడా లైను ఇరుక్కోలేదు. ఎఫ్‌ఎక్స్‌ఓ డబ్బా కొనేవాళ్లు మిగతా ఏ ఫీచరు జోలికైనా పోయేముందు ఈ ఒక్క పరీక్ష చేయండి.

ఖర్చు: గేట్‌వే రూ. 6,200, ఐపీ ఫోన్లు 2 రూ. 6,600.
ఇప్పటివరకు మొత్తం: రూ. 19,800.

దశ 3: ఎవరు చేస్తున్నారో కనిపించాలి

ఐపీ ఫోన్ తెర మీద ప్రతి కాల్‌కూ ‘తెలియని నంబరు’ అనే వస్తోంది. దశ 0లో వాడిన పాత ఫోన్‌లో మాత్రం నంబరు స్పష్టంగా కనిపించేది. లైనులో ఉంది, గేట్‌వే చదవడం లేదంతే.

పాత ఫోన్‌ను మళ్లీ తగిలించి జాగ్రత్తగా చూస్తే నంబరు మొదటి రింగు కంటే ముందే తెర మీదకు వస్తోంది. అంటే మా లైనులో కాలర్ ఐడీ డీటీఎంఎఫ్ పద్ధతిలో వస్తోంది. కీప్యాడ్ నొక్కితే వచ్చే టోన్లే రింగుకు ముందు గబగబా వస్తాయి. గేట్‌వే మాత్రం అమెరికా పద్ధతిలో మొదటి, రెండో రింగుల మధ్య ఎఫ్‌ఎస్‌కే (పాత మోడెమ్ శబ్దం లాంటి) సంకేతం కోసం చూస్తోంది. గేట్‌వే లేకుండా కంప్యూటరులోనే ఫోన్ లైను కార్డు పెట్టుకునే వాళ్ల కోసం ఆస్టరిస్క్‌లో భారతదేశపు డీటీఎంఎఫ్ పద్ధతికని విడిగా ఒక అమరికే ఉంది. మాలా గేట్‌వే వాడేవాళ్లు డబ్బా పేజీలో కాలర్ ఐడీ స్కీమ్ అన్న చోట డీటీఎంఎఫ్ ఎంచుకోవాలి. మీ లైనులో ఎఫ్‌ఎస్‌కే కూడా రావచ్చు. పాత ఫోన్ తగిలించి, నంబరు రింగుకు ముందు వస్తోందా తర్వాత వస్తోందా చూస్తే తేలిపోతుంది.

నంబరు వచ్చాక దాన్ని మా రైతుల జాబితాతో కలిపి, ఫోన్ తెర మీద పేరు, ఊరు చూపించాను. ఇక్కడ రెండు తప్పులు చేశాను.

మొదటిది అంకెల రూపం. ఒక దారిలో నంబరు ముందు సున్నా వస్తుంది, ఇంకో దారిలో 91, మరోచోట ప్లస్ 91. అన్నిటిలోనూ చివరి 10 అంకెలే తీసుకుంటే సరిపోతుందనుకున్నాను. మా జాబితాలో అమెరికా నంబర్లు 14 ఉన్నాయి. టిక్కీలు తండ్రి పేరు మీద, ఫోన్ చేసేది డల్లాస్‌లో ఉన్న కొడుకు. అమెరికా నంబరులోనూ ప్లస్ 1 తీసేస్తే మిగిలేది 10 అంకెలే. అది మన మొబైల్ నంబరులాగే కనిపిస్తుంది. అందుకని 10 అంకెలకు ముందు 0 గానీ 91 గానీ ఉంటేనే కత్తిరించి, మిగతా వాటిని ఉన్నవి ఉన్నట్టే పోల్చేలా మార్చాను.

రెండోది పేర్ల సంగతి. 1,860 నంబర్లలో చాలా వాటికి ఇద్దరు ముగ్గురు రైతులున్నారు. అన్నదమ్ములిద్దరికీ ఒకే ఫోన్, లేదా ఊళ్లో చదువుకున్న కుర్రాడి నంబరే నలుగురి బాండ్ల మీద. తెర మీద ఒకే పేరు చూసి మా గుమాస్తా "బాబాయ్, బాగున్నారా?" అని పలకరిస్తే అవతల ఉన్నది ఇంకొకరు. ఇప్పుడు అలాంటి నంబర్లకు పేరు చూపించడం లేదు. ఊరి పేరు, ఎన్ని లాట్లు అనేది మాత్రమే చూపిస్తున్నాం.

వారం లెక్క: చేసినవాళ్లు 438, పోయినవి 118. నూటికి 27.

దశ 4: సిప్ ట్రంక్, 32 సెకన్లు

ఒకే లైను ఉన్నప్పుడు ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి ఎంగేజే. లైసెన్సున్న టెలికాం ఆపరేటర్ నుంచి ఒకేసారి 4 కాల్స్ పట్టే సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీదుగా వచ్చే ఫోన్ లైను) తీసుకున్నాం. తక్కువ ఖర్చులో అవుతుందని సిమ్ కార్డులు గుచ్చే డబ్బాలు అమ్మేవాళ్లు ఇద్దరు వచ్చారు. సిమ్ బాక్సుల మీద పోలీసు కేసులు అవుతున్నాయి. వాటి జోలికి పోవద్దు.

ట్రంక్ పెట్టిన రోజు రెండు వ్యాధులు కనిపించాయి. మా మాట అవతలికి వెళ్తుంది, వాళ్ల మాట మాకు రాదు. రెండోది, ప్రతి కాలూ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోతుంది. స్టాప్‌వాచ్ పెట్టి 8 సార్లు కొలిచాను. ఎనిమిదీ 32.

ఆ అంకే దారి చూపించింది. సిప్ పద్ధతిలో కాల్ ఎత్తగానే ‘ఎత్తాం’ అన్న సందేశం వెళ్తుంది, దానికి ‘అందింది’ అన్న జవాబు రావాలి. రాకపోతే మళ్లీ మళ్లీ పంపుతూ, అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి కాల్ తెంపేస్తుంది. కాబట్టి జవాబు దారి తప్పుతోంది. ఎస్‌ఎన్‌గ్రెప్ అనే టూల్‌లో సందేశాలు తెరిచి చూస్తే మా పెట్టె తన చిరునామాగా బయటివాళ్లకు 192.168 తో మొదలయ్యే లోపలి చిరునామా ఇస్తోంది. ఊరి పేరు లేకుండా ఇంటి నంబరు మాత్రమే రాసిన ఉత్తరం లాంటిది అది. జవాబూ రాదు, మాటా రాదు.

సరిచేసిన వరస:

1. ఫ్రీపీబీఎక్స్ సిప్ సెట్టింగులలో బయటి చిరునామా, లోపలి నెట్‌వర్క్ రెండూ నింపాను. కాల్ 32 సెకన్లు దాటింది. వినపడటం మాత్రం ఇంకా ఒకవైపే.
2. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే ఫీచరును ఆపేశాను. సాయం చేస్తున్నానని అది సందేశాల్లోని చిరునామాలను తిరగరాస్తుంది, మనం సరిచేసినవి కూడా చెడతాయి. ఆపి, రౌటర్ రీస్టార్ట్ చేశాక రెండు వైపులా వినిపించింది.
3. మాట వెళ్లే 10000 నుంచి 20000 వరకు యూడీపీ పోర్టులను ఆపరేటర్ ఇచ్చిన చిరునామాలకు మాత్రమే తెరిచాను.
4. సిప్ పోర్టు 5060 ని కూడా వాళ్లకు మాత్రమే పరిమితం చేశాను. అంతకుముందు ఒక్క రాత్రి అందరికీ తెరిచి ఉంచినందుకు లాగ్‌లో వేల దొంగ లాగిన్ ప్రయత్నాలు కనిపించాయి. అప్పటికి 101 నంబరు ఎక్స్‌టెన్షన్ (ఆఫీసు లోపలి ఫోన్) పాస్‌వర్డ్ కూడా 101 అనే ఉంది. ఏమీ జరగలేదు, కానీ ఆ ఉదయం పడ్డ టెన్షన్ మరిచిపోలేను. పొడవైన పాస్‌వర్డ్‌లు పెట్టి, పదేపదే తప్పు లాగిన్ చేసేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ ఆన్ చేసి, విదేశీ కాల్స్ బయటికి వెళ్లకుండా మూసేశాను.

మధ్యాహ్నాలు మాట ముక్కలవడం ఇంకో సమస్య. ఒక్కో కాల్‌కు జీ.711 కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతిలో) ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. 4 కాల్స్‌కు 350. మా ఫైబర్‌కు అదొక లెక్క కాదు. కానీ 16 సీసీ కెమెరాల వీడియో అదే దారిలో క్లౌడ్‌కు ఎక్కుతోంది. వేగం సమస్య కాదు, వరస సమస్య. రౌటర్‌లో ఫోన్ ప్యాకెట్లకు ముందు వరస ఇచ్చి, కెమెరాల అప్‌లోడ్‌కు హద్దు పెట్టాక ముక్కలవడం ఆగింది.

ఖర్చు: ట్రంక్ మొదటి ఛార్జీ రూ. 2,500 (నెల అద్దె వేరు).
ఇప్పటివరకు మొత్తం: రూ. 22,300.
వారం లెక్క: చేసినవాళ్లు 455, పోయినవి 74. నూటికి 16.

ఆ 74 ను సమయాలవారీగా పేరిస్తే 31 ఉదయం 8:30 లోపు వచ్చినవి. పొలానికి వెళ్లేముందు రైతు ఫోన్ చేస్తాడు. మా ఆఫీసు తెరిచేది 9 కి. మేనేజరు గారికి కాగితం మీద రాసి చూపించాను. "ఇన్నేళ్లుగా పొద్దున్నే చేస్తున్నారా వీళ్లు?" అని చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. మర్నాటి నుంచి ఒక గుమాస్తా 7 గంటలకు వచ్చి 4 కి వెళ్లేలా మార్చారు.

దశ 5: మెనూ పెట్టాను, చెడింది

‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ మెనూ పెడితే కాల్స్ సరైన మనిషికి వెళ్తాయని మార్చి మొదటి వారంలో పెట్టాను. స్వాగతం, సంస్థ పేరు, ఐదు ఎంపికలు, రికార్డింగ్ హెచ్చరిక అన్నీ కలిపి 28 సెకన్లు. గుమాస్తా ఉదయం 7 కే వస్తున్నా ఆ వారం చేసినవాళ్లు 447, పోయినవి 103. నూటికి 23. అంతకుముందు వారం కంటే ఎక్కువ.

లాగ్‌లో చూస్తే చాలామంది 10, 12 సెకన్ల దగ్గర పెట్టేస్తున్నారు. తెలిసిన ఒక పెద్దాయనకు ఫోన్ చేసి అడిగాను. "ఎవరో అమ్మాయి మాట్లాడుతోంది బాబూ, తప్పు నంబరేమోనని పెట్టేశాను" అన్నారు. బాండు మీదున్న నంబరుకు 20 ఏళ్లుగా మా మనిషి గొంతే వినిపించింది ఆయనకు.

మార్చినవి:

1. జాబితాలో ఉన్న నంబరు నుంచి కాల్ వస్తే మెనూ ఉండదు. నేరుగా మనిషికి మోగుతుంది. అందరూ బిజీగా ఉంటేనే మెనూ.
2. మెనూ 9 సెకన్లు. రెండే ఎంపికలు.
3. అంకె చివర. ‘ఒకటి నొక్కండి, లాట్ వివరాల కోసం’ అని మొదట పెట్టాను. పని ఏమిటో వినేసరికి అంకె మరిచిపోతున్నారు. ‘లాట్ వివరాలకు ఒకటి నొక్కండి’ అని తిప్పితే తప్పు నొక్కడం తగ్గింది.
4. రికార్డింగ్ జరుగుతుందన్న మాట తీసేయలేదు, అది చెప్పాల్సిందే. మెనూలోంచి తీసి, మనిషికి కలిపే ముందు రెండు సెకన్ల చిన్న వాక్యంగా పెట్టాను.

మైక్ రూ. 900. ఇప్పటివరకు మొత్తం: రూ. 23,200.
వారం లెక్క: చేసినవాళ్లు 461, పోయినవి 69. నూటికి 15.

దశ 6: లాట్ లెక్క చెప్పే గొంతు

రైతు తన ఫోన్ నుంచే చేసి, లాట్ నంబరు నొక్కితే ఎన్ని టిక్కీలు ఉన్నాయో మనిషి లేకుండానే చెప్పాలి. నంబరు జాబితాలో లేకపోతే చెప్పదు. ప్రోగ్రాం రాయడం ఒక పూట. తెలుగులో అంకె పలికించడం తొమ్మిది రోజులు.

ఇంగ్లిష్ పద్ధతిలో ముక్కలు కలిపితే చాలనుకున్నాను. రసీదులు రాసే అక్క గొంతుతో ఒకటి నుంచి ఇరవై, పదులు, వంద, వెయ్యి రికార్డు చేశాం. 143 ను ‘ఒకటి వంద నలభై మూడు’ అని పలికింది. మనం ‘నూట నలభై మూడు’ అంటాం. అది సరిచేస్తే 200 దగ్గర ‘రెండు వందలు టిక్కీలు’ అంది. అక్క వింటూనే, "రెండు వందలు టిక్కీలు అంటారా ఎవరైనా తమ్ముడూ? రెండు వందల టిక్కీలు కదా" అంది. నిజమే. లెక్క విడిగా చెప్తే వందలు, వెనక పేరు ఉంటే వందల. వేలు, వేల కూడా అంతే. టిక్కీలు అన్న మాట ఎప్పుడూ వెనక ఉంటుంది కాబట్టి మాకు ‘వందలు’, ‘వేలు’ రికార్డింగులే అక్కర్లేదు.

తర్వాత 21. ‘ఇరవై ఒకటి టిక్కీలు’ కాదు, ‘ఇరవై ఒక్క టిక్కీలు’. 31, 41 నుంచి 91 వరకూ అంతే. 101 కి ‘నూట ఒక్క’. ఒకటే మిగిలితే ‘ఒక టిక్కీ’. చిన్నప్పటి నుంచి మాట్లాడుతున్న భాషే. ఇన్నాళ్లూ ఈ నియమం నోటికి తెలుసు, నాకు తెలియదు.

చివరికి స్థిరపడిన పద్ధతి:

1. 2 నుంచి 99 వరకు ఏదీ ముక్కలు చేయకుండా మొత్తంగా 98 రికార్డింగులు. ఒకటితో ముగిసే ఎనిమిదీ ‘ఒక్క’ రూపంలో.
2. విడిగా: ఒక, ఒక్క, వంద, నూట, వందల, వెయ్యి, వేల. ఇవి 7. మొత్తం 105.
3. ప్రతి అంకెనూ ‘టిక్కీలు’ కలిపి పూర్తి వాక్యంగా చదివించి, తర్వాత అంకె వరకు కోశాను. ఒంటరిగా చదివితే గొంతు చివర కిందికి దిగి, కలిపినప్పుడు అతుకులు వినిపిస్తాయి.
4. ఫైళ్లు 8 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్. సాక్స్ టూల్‌తో మార్చాను. మొదట ఫోన్‌లో రికార్డు చేసిన స్టీరియో ఫైళ్లు అలాగే పెడితే అసలు మోగలేదు.

లాట్ నంబరు నొక్కినప్పుడు ల్యాండ్‌లైన్ దారిలో కొన్ని అంకెలు రెండేసిసార్లు పడేవి. 4417 నొక్కితే 44417. అదే టోన్ ఒకసారి శబ్దంగా, ఇంకోసారి విడి సందేశంగా రెండు దారుల్లో వచ్చి చేరుతోంది. గేట్‌వేలో, ఫ్రీపీబీఎక్స్‌లో రెండు చోట్లా ఆర్‌ఎఫ్‌సీ 4733 పద్ధతి (విడి సందేశంగా పంపేది) ఒక్కటే ఉంచితే పోయింది.

ఇప్పుడు రోజుకు 20 మంది దాకా దీన్ని వాడుతున్నారు. రాత్రి 10 తర్వాత కూడా చేస్తున్నారు. లెక్క విని పెట్టేస్తారు.

దశ 7: వాయిస్‌మెయిల్‌ను అక్షరాల్లోకి మార్చడం

ఈ ఫీచరు తీసేశాను. ఉచితంగా దొరికే స్పీచ్ మోడల్‌ను మా పెట్టెలోనే నడిపి 20 సందేశాలు పరీక్షించాను. లాట్ నంబరు సరిగ్గా వచ్చినవి 6. ఫోన్ లైనులో అందే శబ్దం 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్యదే. దాని వెనక ట్రాక్టరు మోత, దానిలో ఊరి యాస. తప్పు లాట్ నంబరు కాగితం మీద పడితే వేరే వాళ్ల టిక్కీలు బయటికి వస్తాయి. 20 కి 19 వచ్చినా ఆ ఒక్కటి ఒక ఇంటి ఏడాది పంట. మా వాయిస్‌మెయిల్ ఇప్పుడు మనిషే వింటాడు.

దశ 8: తిరిగి చేయాల్సిన కాల్స్ జాబితా

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే, అన్నిటికంటే సాదాగా ఉన్నదీ ఇదే. ఎత్తని ప్రతి కాల్ నంబరూ గుమాస్తా కంప్యూటరు తెర మీద ఒక వరసగా చేరుతుంది. అదే నంబరు మళ్లీ వస్తే కొత్త వరస రాదు, పక్కన అంకె పెరుగుతుంది. వరస మీద నొక్కితే ఆయన ఫోన్ మోగి, ఎత్తగానే అవతలికి కలుపుతుంది.

మొదటి రూపంలో డయల్ చేయగానే వరస మాయమయ్యేది. సాయంత్రానికి జాబితా ఖాళీ, అందరికీ సంతోషం. రెండో రోజు లాగ్‌తో పోల్చాను. మాయమైన 40 లో నిజంగా మాట జరిగింది 23 మందితోనే. మిగతావాళ్లు ఎత్తలేదు, మేమూ మరిచిపోయాం. ఇప్పుడు అవతలి మనిషితో 15 సెకన్లు దాటి మాట నడిస్తేనే వరస పోతుంది. రైతే మళ్లీ చేసి మాట్లాడినా పోతుంది. ఎత్తకపోతే అరగంట ఆగి మళ్లీ పైకి వస్తుంది.

ఎందుకు ఎత్తడం లేదో చూడటానికి 50 మందికి ట్రంక్ కొత్త నంబరు నుంచి, 50 మందికి పాత ల్యాండ్‌లైన్ నుంచి చేయించాను. కొత్త నంబరుకు 27 మంది ఎత్తారు, పాతదానికి 43 మంది. తెలియని నంబరు అంటే లోన్ల వాళ్లో, మోసగాళ్లో అనుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేం.

కాబట్టి తిరిగి చేసే కాల్స్ పాత లైను నుంచే వెళ్లాలి. అయితే ఆ లైను అందులో బిజీగా ఉంటే లోపలికి వచ్చేవాళ్లకు ఎంగేజ్ వస్తుంది. పాత లైను బిజీగా ఉంటే కొత్త నంబరుకు మళ్లేలా ఆపరేటర్ దగ్గర కాల్ ఫార్వర్డింగ్ పెట్టించాను. కొత్త బాండ్ల మీద రెండు నంబర్లూ అచ్చు వేయిస్తున్నాం.

వారం లెక్క (ఏప్రిల్): చేసినవాళ్లు 470, పోయినవి 19. నూటికి 4.

దశ 9: లోడింగ్ ప్లాట్‌ఫాం మీద ఫోన్

సూపర్‌వైజరు మొబైల్‌లో సాఫ్ట్‌ఫోన్ యాప్ పెట్టి వైఫైతో నడుపుదామనుకున్నాను. ఛాంబర్ గోడల్లోని ఇన్సులేషన్, రేకులు వైఫైని ఆపేస్తాయి. తలుపు దాటి నాలుగడుగులు వేస్తే కాల్ పోతుంది. బయట ఉన్నప్పుడు కూడా తెర ఆరిన కాసేపటికి ఫోన్‌లోని బ్యాటరీ ఆదా ఏర్పాటు యాప్‌ను నిద్రపుచ్చి కాల్ మోగనివ్వదు. 30 పరీక్ష కాల్స్‌లో 13 మోగాయి.

ప్లాట్‌ఫాం స్తంభానికి కేబుల్ వేసి మామూలు ఐపీ ఫోన్ బిగించాను. 60 మీటర్లు పట్టింది. నెట్‌వర్క్ కేబుల్ 100 మీటర్ల లోపు ఉండాలి కనుక సరిపోయింది. మిర్చి ఘాటు దుమ్ము కీప్యాడ్‌లోకి దిగకుండా పారదర్శక ప్లాస్టిక్ కవరు, పైన పెద్ద గంట.

ఖర్చు: ఫోన్ రూ. 3,300, కేబుల్, పైపు రూ. 1,500.
ఇప్పటివరకు మొత్తం: రూ. 28,000.

జూన్ చివరి వారం

మే నెలలో యార్డుకు వేసవి సెలవులు, కాల్స్ తక్కువ. ఆ లెక్క తీసుకోలేదు. యార్డు తెరిచాక ఏసీ సరుకు కదలడం మొదలయ్యాక తీసిన వారం: చేసినవాళ్లు 398, పోయినవి 11. నూటికి 3.

ఆ 11 నంబర్లనూ ఒక్కొక్కటిగా చూశాను. నాలుగు కరెంటు పోయి యూపీఎస్ కూడా అయిపోయిన గంటలోవి. రెండు స్విచ్ఛాఫ్. ఒకటి రాత్రి 2 గంటలకు వచ్చింది, తిరిగి చేస్తే పొరపాటున తగిలిందన్నారు, కానీ 15 సెకన్ల లోపే పెట్టేశారు కాబట్టి లెక్కలో ఉండిపోయింది. మిగిలిన నాలుగూ ఒకే ఊరివి, ఒకే రోజువి. ఆ ఊరికి మేం చేసిన ఏ కాలూ ఆ రోజు కలవలేదు. టవర్ పోయిందేమో తెలియదు. మర్నాడు పొద్దున్న 7 గంటలకు గుమాస్తా మొదట వాళ్లకే చేశాడు. నలుగురూ ఎత్తారు.

పెద్ద బ్యాటరీకి కొటేషన్ అడిగాను. సోమవారం వస్తుంది.